ద్వారకా నగర్ మూడో అంతస్తులో మా ఆదివారాలు

విశాఖ ద్వారకా నగర్‌లో ఉన్న ఈ పోకెమాన్ కార్డుల షాపు గురించి రాయమని మా అమ్మాయి రెండు నెలలుగా నా వెంట పడుతోంది. "నాన్నా, నువ్వు రాస్తే ఇంకొంతమంది పిల్లలొస్తారు, నా వయసు వాళ్లు దొరుకుతారు" అంటుంది. దానికి 11 ఏళ్లు. ఆదివారం పోటీకి వచ్చే పద్నాలుగు, పదిహేను మందిలో 12 ఏళ్ల లోపు వాళ్లు ముగ్గురే. అడిగిన దాంట్లో న్యాయం ఉంది కాబట్టి రాస్తున్నాను.

నేను గాజువాక వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో పీఈటీని. కబడ్డీ, వాలీబాల్ ఆడించడం, మండలం పోటీలకీ జిల్లా పోటీలకీ రిఫరీగా వెళ్లడం 20 ఏళ్లుగా నా పని. పోకెమాన్ కార్డుల ఆటకి టోర్నమెంట్ ఉంటుందని మా అమ్మాయి చెప్పినప్పుడు నాకు అదేంటో బొత్తిగా తెలీదు. ఏడు నెలల నుంచి దాదాపు ప్రతి ఆదివారం ఈ షాపులో గోడవారగా కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. అందుకే వస్తువుల ధరల కంటే ఆట నడిపే తీరు గురించే ఎక్కువ రాస్తాను. నాకు తెలిసింది అదే.

ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగితే పది నిమిషాల నడక. కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య షాపు బోర్డు చిన్నది, మొదటిసారి వచ్చేవాళ్లు ఒకటికి రెండుసార్లు తల పైకెత్తి వెతుక్కోవాలి. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ముందు గదిలో అద్దాల బీరువాలు, కౌంటరు. లోపలి గదిలో ఎనిమిది టేబుళ్లు. ఏసీ ఉంది, చల్లటి నీళ్లున్నాయి. తిండి పదార్థాలు టేబుళ్ల దగ్గరికి రానివ్వరు. కింద బండి మీద పునుగులు తిని పైకొచ్చిన వాళ్లని సబ్బుతో చేతులు కడుక్కుని రమ్మంటారు. పెద్దవాళ్లకీ అదే మాట, పిల్లలకీ అదే మాట.

ఆట తెలియని తల్లిదండ్రుల కోసం నాలుగు ముక్కలు. ఒక్కొక్కరి దగ్గర సరిగ్గా 60 కార్డుల కట్ట ఉంటుంది, దాన్నే డెక్ అంటారు. దాడికి శక్తినిచ్చే బేసిక్ ఎనర్జీ కార్డులు ఎన్నైనా పెట్టుకోవచ్చు, మిగతా వాటిలో ఒకే పేరున్నవి నాలుగుకి మించకూడదు. మొదట 7 కార్డులు చేతిలోకి తీసుకుంటారు, 6 కార్డులు ప్రైజులుగా పక్కన బోర్లా పెడతారు. ఎదుటివాళ్ల పోకెమాన్‌ని, అంటే కార్డు మీది జీవిని, పడగొట్టినప్పుడల్లా మన ప్రైజు మనం తీసుకుంటాం. ఆరూ ముందు తీసుకున్నవాళ్లు గెలిచినట్టు. ఈ ఆట 1996లో జపాన్‌లో మొదలైంది. ఇప్పుడు దీనికి ఏటా ప్రపంచ చాంపియన్‌షిప్ జరుగుతుంది. అంత పెద్ద వేదికల మీద ఒక్కో మ్యాచ్‌కి మూడు ఆటలు, 50 నిమిషాలు. ఈ షాపులో ఆదివారం జరిగేది సొంత పోటీ. మ్యాచ్‌కి ఒకటే ఆట, 30 నిమిషాలు, నాలుగు రౌండ్లు. ఫీజు 200 రూపాయలు.

పోటీ నడిపేది స్విస్ పద్ధతిలో. పిల్లల్ని చెస్ ఆడించేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. గెలిస్తే 3 పాయింట్లు, టై అయితే 1, ఓడితే సున్నా. సమానమైన పాయింట్లు ఉన్నవాళ్లని తర్వాతి రౌండ్లో ఎదురెదురుగా కూర్చోబెడతారు. ఓడినవాళ్లు ఇంటికి పోరు. ఇది నాకు చాలా నచ్చింది. మా స్కూలు పిల్లలు తెల్లవారుజామున లేచి, మూడు గంటలు బస్సులో కూర్చుని కబడ్డీ పోటీకి వెళ్తారు. అరగంటలో మొదటి మ్యాచ్ ఓడిపోయి మధ్యాహ్నం భోజనం పొట్లాలు పట్టుకుని వెనక్కి వస్తారు. వాళ్ల మొహాలు చూస్తూ ఎన్ని ప్రయాణాలు చేశానో. ఇక్కడ మొదటి రౌండ్ ఓడిన పిల్ల కూడా నాలుగు రౌండ్లూ ఆడి, నాలుగోదానికి తన స్థాయి వాళ్లతో గట్టి ఆట ఆడి వెళ్తుంది.

ఇక కార్డుల నాణ్యత. మేం మొదట్లో ఒకచోట కొన్న ప్యాకెట్లన్నీ నకిలీవి. ఈ షాపు ఓనర్ ఆ సంగతి చెప్పాడు. చెప్పడమంటే ఊరికే చెప్పలేదు. మా పిల్ల తెచ్చిన కార్డొకటి, తన దగ్గర పాడైపోయిన అసలు కార్డొకటి తీసుకుని, "పాపా, చింపనా?" అని అడిగి, అది తలూపాక రెండూ నిలువునా చింపాడు. అసలు కార్డు అంచులో రెండు తెల్ల కాగితాల మధ్య సన్నటి నల్ల గీత కనబడింది. మాది చింపితే లోపల కూడా తెలుపే. ఆ రోజు ఆయన మాకు కొత్త డెక్ అంటగట్టవచ్చు. అలా చేయలేదు. తన దగ్గరున్న డెక్‌లలో ఒకటి ఇచ్చి, "మాస్టారూ, నెల రోజులు దీంతో ఆడించండి, పాపకి ఎలాంటి ఆట ఇష్టమో తెలిసాక కొందురు గాని" అన్నాడు. ప్యాకెట్లు ఎమ్మార్పీకే ఇస్తాడు. విడి కార్డుల ధర ఎక్కువో తక్కువో నేను చెప్పలేను. ఒక్కో కార్డు పక్కన ధర చీటీ మాత్రం ఉంటుంది, మనిషిని బట్టి మారదు.

విశాఖలో ఈ ఆట ఆడేవాళ్లకి ఇంకో బాధ ఉంది, అది మన సముద్రం వల్ల వచ్చింది. మెరుపు కార్డులు ఉంటాయి, వీళ్ల భాషలో ఫాయిల్ కార్డులు. వాటి మీద పలచటి మెరుపు పొర ఉంటుంది. గాలిలో తేమకి వెనక కాగితం ఉబ్బుతుంది, ముందున్న పొర ఉబ్బదు. దాంతో కార్డు దోనెలా వంగిపోతుంది. దాచుకునే కార్డు వంగితే అందం పోతుంది, అంతే. ఆడే డెక్‌లో వంగితే మాత్రం న్యాయానికి సంబంధించిన విషయం. 60 కార్డుల కట్టని పక్క నుంచి చూస్తే, వంగిన కార్డు ఉన్నచోట సన్నటి సందు తెలుస్తుంది. తన మంచి కార్డు పైనుంచి ఎన్నోదో ఆడేవాడికి కనబడిపోతుంది. కావాలని చేయకపోయినా అది గుర్తు పెట్టిన కార్డే అవుతుంది.

ఇక్కడ జడ్జిగా ఉండేది ఇంజనీరింగ్ చదువుతున్న అమ్మాయి, పిల్లలంతా జడ్జక్క అంటారు. పోటీకి ముందు ప్రతి డెక్‌నీ టేబుల్ మీద పెట్టించి, కళ్లు కట్ట ఎత్తుకి వచ్చేలా వంగి, నాలుగు పక్కలా చూస్తుంది. వంగిన కార్డుంటే అదే పేరుతో మామూలు కార్డు షాపులో ఉందేమో చూసి, ఆ రోజుకి అరువిస్తారు. కార్డుకి తొడిగే ప్లాస్టిక్ తొడుగు, అంటే స్లీవ్, మూల నలిగినా, గీత పడినా కొత్త స్లీవ్ ఉచితంగా ఇస్తారు. కార్డుల డబ్బాలో వేసుకోమని సిలికా జెల్ పొట్లాలు కౌంటరు మీద గిన్నెలో పెడతారు. వానాకాలంలో మా పిల్ల డెక్‌లో ఇలా రెండు కార్డులు మార్పించారు. అది మొదట చిన్నబుచ్చుకుంది. జడ్జక్క దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, "కట్టలోకి చూసి నీ కార్డు ఎక్కడుందో చెప్పు" అంది. పిల్ల వెంటనే వేలు పెట్టి చూపించింది. తర్వాత ఇంకేం చెప్పక్కర్లేకపోయింది.

కార్డులు కలపడం కూడా ఇక్కడే నేర్పారు. స్లీవులు తొడిగిన 60 కార్డులు మా పిల్ల రెండు చేతుల్లో ఇమడవు. కార్డుల్ని వరసగా కుప్పలుగా పేర్చి మళ్లీ ఒకటి చేసేది. అది లెక్క పెట్టుకోవడానికి పనికొస్తుంది గానీ కలిపినట్టు కాదని చెప్పి, కట్టని రెండుగా చీల్చి పక్క నుంచి ఒకదానిలోకి ఒకటి దూర్చడం ఒక డిగ్రీ కుర్రాడు అరగంట కూర్చుని నేర్పాడు. కలిపాక కట్టని ఎదుటివాళ్ల ముందు పెట్టాలి, వాళ్లు కోస్తారు. ఎదుటివాళ్ల కార్డు ముట్టుకోవాలంటే అడిగి ముట్టుకోవాలి. ఈ రెండు అలవాట్లూ మా ఇంట్లోకి కూడా వచ్చాయి. ఇప్పుడు తమ్ముడి పెన్సిల్ కూడా అడిగే తీసుకుంటోంది.

ఈ షాపుకి రాకముందు వేరే ఊళ్లో ఒక పోటీకి వెళ్లాం. అక్కడ 30 ఏళ్లు దాటిన మనిషి మా పిల్లకి ఎదురు కూర్చున్నాడు. ఇది కార్డు చదువుకునే లోపే "తొందరగా, తొందరగా" అని వేళ్లతో టేబుల్ మీద కొడుతూనే ఉన్నాడు. ఇది కార్డు ఒకటి పొరపాటున ముందుకు జరిపితే, "జరిపావు, అయిపోయింది" అన్నాడు. తను మాత్రం వేసిన కార్డు రెండుసార్లు వెనక్కి తీసుకున్నాడు. నిర్వాహకుడు ఫోన్లో ఉన్నాడు. నేను వెళ్లి చెబితే, "ఆట అన్నాక అలాగే ఉంటుంది సార్" అన్నాడు. తిరుగు ప్రయాణంలో పిల్ల రైలు కిటికీ వైపు తిరిగి కూర్చుంది, తుని దాటేదాకా మాట్లాడలేదు. ఇక ఈ ఆట మానేస్తుందనుకున్నాను.

అందుకే ఈ షాపులో మొదటి రోజు నేను జడ్జినే చూస్తూ కూర్చున్నాను. రెండో రౌండ్లో ఒక పిల్లాడు ఒకే టర్న్‌లో రెండు ఎనర్జీ కార్డులు జోడించాడు. మామూలుగా ఒకటే జోడించాలి. ఎదుటి పెద్దాయన చెయ్యెత్తి జడ్జిని పిలిచాడు. ఆమె వచ్చి టేబుల్ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. పిల్లాడి కళ్లూ ఆమె కళ్లూ ఒకే ఎత్తులో ఉన్నాయి. "ఏం జరిగిందో ముందు నువ్వు చెప్పు" అని పిల్లాడిని అడిగింది, తర్వాత పెద్దాయనని అడిగింది. రెండో ఎనర్జీని చేతిలోకి తీసుకోమంది. హెచ్చరిక అని కాగితం మీద రాసుకుని, అదే మాట వాడికి మాత్రమే వినబడేలా చెప్పింది. వెళ్తూ గోడ మీద గడియారం చూసి, ఆ టేబుల్‌కి రెండు నిమిషాలు అదనంగా ఇచ్చింది. రెండు వైపులా వినడం, తప్పుని సరిదిద్దడం, పోయిన సమయం తిరిగివ్వడం, పిల్లాడి పరువు పోకుండా చూడటం, ఇన్నీ ఒకటిన్నర నిమిషంలో అయిపోయాయి. 20 ఏళ్ల రిఫరీగిరీలో నేను అందరి ముందూ విజిల్ ఊది, చెయ్యి చూపించి పంపేసిన పిల్లలు గుర్తొచ్చారు. ఆ వారం స్కూల్లో నేను పద్ధతి మార్చుకున్నాను.

సాగదీసేవాళ్లని కూడా ఆమె ఊరుకోదు. ప్రైజుల్లో ముందున్నవాడు చేతిలో ఉన్న మూడు కార్డుల్నీ పది సార్లు అటూ ఇటూ మార్చుకుంటూ కూర్చుంటే గడియారం అతని వైపు ఆడుతున్నట్టే. ఆమె వచ్చి మౌనంగా ఆ టేబుల్ దగ్గర నిలబడుతుంది. అప్పటికీ కదలకపోతే "ఆడండి" అంటుంది. టైం అయిందని పిలిచాక నడుస్తున్న టర్న్ పూర్తి చేయిస్తుంది, తర్వాత మూడు టర్న్‌లు, వాటిని పైకే లెక్కపెడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. కిందటి నెల రెండో ఆదివారం, నాలుగో రౌండ్. మా పిల్ల అప్పటికి రెండు గెలిచింది. ఇది కూడా గెలిస్తే మొదటిసారి 9 పాయింట్లు. ఎదురుగా కార్డులు కలపడం నేర్పిన ఆ డిగ్రీ కుర్రాడే. ఇద్దరికీ తలా ఒక ప్రైజే మిగిలింది. పిల్ల ముందున్నది లూకారియో అనే పోకెమాన్, 120 హెచ్‌పీ, అంటే డ్యామేజ్ (దెబ్బ) 120 అయితే పడిపోతుంది. అతను దాడి చేశాడు. దాడితో లూకారియో మీద డ్యామేజ్ 110 అయింది, పాయిజన్ కూడా ఎక్కింది. డ్యామేజ్ లెక్కకి వీళ్లు డైస్ వాడతారు, ఒక్కో చుక్కకి 10. కార్డు మీద రెండు ఎర్ర డైసులు, ఒకటి 6, ఒకటి 5. పాయిజన్ ఉంటే ప్రతి టర్న్ అయ్యాక ఇంకో 10 పడాలి. పడితే 120 నిండుతుంది, లూకారియో పోతుంది, ఆట అతనిది. పడకపోతే పిల్ల టర్న్. దాని చేతిలో ఎనర్జీ ఉంది, ఒక్క దాడితో ఆట దానిది.

కుర్రాడు ఊపిరి వదిలి, "నీ టర్న్ చెల్లీ" అన్నాడు. పాయిజన్ మర్చిపోయాడు.

నేను పిల్ల వెనకే ఉన్నాను. చూసేవాళ్లు నోరు మెదపకూడదు, అది నియమం. నాకు పాయిజన్ కనబడింది, డైసులు కనబడ్డాయి, దాని చేతిలోని ఎనర్జీ కనబడింది. ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఆ నాలుగు క్షణాలు, ఇది గమనించకుండా కార్డు తీసేస్తే బాగుండునని నేను కోరుకున్నాను. కబడ్డీలో చెయ్యి తగిలిందో లేదో రిఫరీకి కనబడకపోవచ్చు, తగిలినవాడికి తెలుస్తుంది, తెలిసినవాడు తనంతట తను బయటికి నడవాలి. ఈ మాట నేను ప్రతి జూన్‌లో కొత్త పిల్లలకి చెప్పేదే.

దాని చెయ్యి డెక్ మీదకి వెళ్లింది. వేలు పై కార్డుని తాకింది. ఆగింది. "అన్నా, పాయిజన్ వెయ్యలేదు నువ్వు" అంది. అతను ఇంకా అర్థం చేసుకునే లోపే, 5 చూపిస్తున్న డైస్‌ని రెండు వేళ్లతో పట్టుకుని 6కి తిప్పింది. తర్వాత లూకారియోనీ దాని కింద ఉన్న కార్డుల్నీ తీసి డిస్కార్డ్‌లో, అంటే ఆటలోంచి పోయిన కార్డుల కుప్పలో పెట్టి, చెయ్యి చాపింది.

కుర్రాడు ప్రైజు తీయలేదు వెంటనే. చెయ్యి కలిపి అలాగే పట్టుకున్నాడు. జడ్జక్క దూరం నుంచి చూసింది గానీ దగ్గరికి రాలేదు, చప్పట్లు కొట్టించలేదు. అది కూడా నాకు నచ్చింది. నిజం చెప్పడం ఇక్కడ వింత కాదన్నట్టు, ఫలితం కాగితం మీద రాసుకుంది. పిల్లకి 6 పాయింట్లు, ఐదో స్థానం.

ఈ ఆట నడిపించే కంపెనీ తన పోటీల నియమాల్లోనే స్పిరిట్ ఆఫ్ ది గేమ్ అని ఒక మాట పెట్టింది. సరదా, న్యాయం, నిజాయితీ, గౌరవం, క్రీడాస్ఫూర్తి, నేర్చుకోవడం అందులోకి వస్తాయి. నియమాల ప్రకారం ఆట సరిగ్గా సాగుతోందా లేదా చూసుకోవాల్సిన బాధ్యత ఇద్దరు ఆటగాళ్లదీ. ఎదుటివాడి మరుపు తెలిసీ ఊరుకుంటే అది తెలివి కిందకి రాదు, మోసం కిందకి వస్తుంది. ఇవన్నీ ఎక్కడైనా ఉన్న నియమాలే. ఆ వేరే ఊరి హాల్లో కూడా ఇవే. ఈ షాపులో అవి టేబుల్ దాకా వచ్చాయి, అదీ తేడా.

ఆదివారం చివర ప్రతి ఒక్కరికీ చిన్న చీటీ ఇస్తారు. ఈ రోజు ఆడినవాళ్లలో ఎవరితో మళ్లీ ఆడాలనుంది, ఒక పేరు రాయాలి. ఎక్కువ చీటీలు వచ్చినవాళ్లకి 10 కార్డుల ప్యాకెట్, మొదటి స్థానానికి ఇచ్చేలాంటిదే. ఏడు నెలల్లో ఆ ప్యాకెట్ ఎక్కువసార్లు తీసుకున్నది ఒక పోర్టు ఉద్యోగి. ఆయన ఒక్కసారి కూడా పోటీ గెలవలేదు. ఎదుటివాళ్లు మంచి ఎత్తు వేసినప్పుడు ఆట ఆపి "భలే" అంటారు, మనస్ఫూర్తిగా. ఆయన ఎదురు కూర్చుంటే మా పిల్ల ఆట పది శాతం మెరుగుపడుతుందని నా నమ్మకం.

లోపాలు కూడా రాయాలి. 10:30 అని రాస్తారు, 11:15 లోపు మొదటి రౌండ్ మొదలైన రోజు నేను చూడలేదు. దూరం నుంచి వచ్చే మాలాంటి వాళ్లు కూర్మన్నపాలెంలో పొద్దున్నే బస్సెక్కి వస్తాం, ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటామేమోనని ముందే బయలుదేరతాం. అక్కడికొచ్చి ముప్పావుగంట ఖాళీగా కూర్చోవడం పిల్లలకి కష్టం. బాత్రూం ఒకటే, అదీ కింది అంతస్తు వాళ్లతో కలిపి. కిటికీ వైపు రెండు టేబుళ్ల మీద ట్యూబులైటు వెలుగు స్లీవుల మీద పడి కార్డు మీది అక్షరాలు కనబడవు, చదవడానికి పిల్లలు తలలు వంచి తంటాలు పడుతుంటారు. ఓనర్‌కి రెండుసార్లు చెప్పాను, మారుస్తానన్నాడు.

అన్నిటికంటే ముఖ్యమైన లోపం మార్పిడి దగ్గర. 14 ఏళ్ల లోపు పిల్లలు కార్డులు మార్చుకోవాలంటే తల్లిదండ్రులో ఓనరో చూడాలని ఇక్కడ ఒక నియమం ఉంది. మంచి నియమం. కానీ రద్దీగా ఉన్న రోజు ఎవరూ చూడరు. ఒక ఎనిమిదేళ్ల పిల్లాడు తన ఖరీదైన కార్డు ఇచ్చి, మెరుస్తున్నాయని మూడు మామూలు కార్డులు తీసుకోవడం నేను స్వయంగా చూశాను. నేను చెప్పాక ఓనర్ ఇద్దరినీ పిలిచి వెనక్కి మార్పించాడు, అది ఒప్పుకోవాలి. నేను చెప్పకపోతే? టేబుల్ మీద అంత శ్రద్ధ ఉన్నచోట టేబుల్ పక్కన కూడా ఉండాలి. మార్పిడికి ఒక మూల కేటాయించి, అక్కడ ఒక మనిషిని కూర్చోబెట్టమని నా విన్నపం.

ఆ పాయిజన్ ఆట ఓడిన రోజు బస్సులో పిల్ల ఏడవలేదు. కాసేపటికి డబ్బా తెరిచి, "పాయిజన్ పోగొట్టడానికి లూకారియోని వెనక్కి పంపితే చాలు కదా నాన్నా" అంది. అవును, పోకెమాన్ బెంచీ మీదకి, అంటే వెనక వరసలోకి, వెళ్తే పాయిజన్ పోతుంది. గాజువాక వచ్చే లోపు డెక్‌లోంచి రెండు కార్డులు తీసేసి, వెనక్కి పంపే కార్డులు రెండు పెట్టింది. 60 ఉన్నాయో లేదో నా చేత లెక్క పెట్టించింది.

పిల్లల్ని తెచ్చేవాళ్లు నీళ్ల సీసా, చిన్న తువ్వాలు తెచ్చుకోండి. బండి ఉంటే వెనక సందులో పెట్టుకోండి, మెయిన్ రోడ్డు మీద చోటు దొరకదు. డెక్ లేకపోయినా పర్లేదు, అడిగితే ఆ రోజుకి ఇస్తారు. ఈ ఆదివారం మేం కిటికీ వైపు కాకుండా లోపలి టేబుళ్ల దగ్గర ఉంటాం. 12 ఏళ్ల లోపు పిల్లలెవరైనా వస్తే మా అమ్మాయి మొదటి ఆట మీతోనే ఆడతానంది.